అరవై దాటాక మనవాళ్ళ మధ్య: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షికను హైదరాబాద్‌లో ఉంటున్న, వయసు పైబడిన గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ (ఎల్జీబీటీ) పాఠకుల ఉత్తరాలకు కేటాయించాం. పేర్లు, గుర్తుపట్టగల వివరాలు తీసేశాం. అందరూ అడిగింది దాదాపు ఒకటే: ఎక్కడ కలవాలి, ఎలా కలవాలి, కలిశాక చెదిరిపోకుండా ఎలా ఉండాలి.

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. భార్య పోయింది, అబ్బాయి పుణేలో ఉంటాడు. నేను గే అని ఇరవై ఏళ్ళప్పుడే తెలుసు, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కుర్రాళ్ళ కార్యక్రమాలు రాత్రిళ్ళు పబ్బుల్లో జరుగుతాయట. నా ఈడువాళ్ళను ఎక్కడ కలవాలి?
(ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: పబ్బు మీకు సరిపడదన్నది నిజమే. ఆ హోరులో పక్కవాళ్ళ మాటే వినపడదు. మీకు కావలసింది పగటివేళ, చేరబడే కుర్చీ, దగ్గర్లో టాయిలెట్, నెలనెలా మారని రోజు. ఈ నాలుగూ ఉన్నచోట పెద్దవాళ్ళు నిలబడతారు. ఒకటి తగ్గినా రెండో నెలకే పలచబడతారు.

ముందు మనుషులు దొరకాలి. నగరంలో వజూద్, మొబ్బెరా ఫౌండేషన్ వంటి సంస్థలు ఎల్జీబీటీ వాళ్ళతో పనిచేస్తూ వచ్చాయి. ఇలాంటి సంస్థల సోషల్ మీడియా పేజీకి ఒక మెసేజ్ పెట్టండి. అసలు పేరు అక్కర్లేదు. ‘నా వయసు 64, తెలుగు మాట్లాడతాను, యాభై దాటినవాళ్ళను పగటిపూట కలవాలనుంది, ఫొటోలు వద్దు’ అని నాలుగు ముక్కలు చాలు. పెద్దవాళ్ళకు విడిగా ఏదీ జరగడం లేదంటే అక్కడితో వదిలేయకండి. మీలాగే అడిగినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ అనుమతితో ఇద్దరినీ కలపమని కోరండి. ముగ్గురు దొరికితే బృందం మొదలైనట్టే.

చోటు విషయానికొస్తే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మంచిది. నేల చదునుగా ఉంటుంది, బెంచీలుంటాయి, అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు, లోపలున్న షాహీ మసీదుకు నమాజు కోసం జనం వస్తారు. చిక్కడపల్లి వైపువాళ్ళకు సిటీ సెంట్రల్ లైబ్రరీ పరిసరాలు అనువు. పుస్తకం చేతిలో ఉన్న పెద్దమనిషిని అక్కడ ఎవరూ ఎందుకొచ్చావని అడగరు, గ్రీన్ లైన్ మెట్రో కూడా ఉంది. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక వేదిక, చాయ్ తాగుతూ గంటసేపు కూర్చోవచ్చు. ఇరానీ హోటల్ అయితే మధ్యాహ్నం మూడు, ఐదు మధ్య వెళ్ళండి. రద్దీ వేళ బల్ల ఖాళీ చేయమని తొందరపెడతారు. చెవి మిషను పెట్టుకునేవారిని గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. హోటలు మధ్యలో కూర్చుంటే గిన్నెల చప్పుడే వినిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పార్కు కలయికను ఉదయం ఆరున్నరకు మార్చండి, లేదా నాలుగు గోడల మధ్యకు.

చాలా బృందాలు విఫలమయ్యేది గేటు దగ్గర. మొదటిసారి వచ్చేవాళ్ళలో కొందరు దూరం నుంచి చూసి, గుండె దడదడలాడి, వెనుదిరిగి వెళ్ళిపోతారు. వాళ్ళు వచ్చే నెల మళ్ళీ వస్తారు, అదే బెంచీ, అదే మనిషి కనిపిస్తే. కాబట్టి పిలిచినవారు ఇరవై నిమిషాలు ముందే వచ్చి, ఎవరూ రాకపోయినా చెప్పిన టైమంతా కూర్చోవాలి. ‘గేటు దగ్గర’ అని చెప్పకండి, పెద్ద పార్కుకు ఒకటికి మించి గేట్లుంటాయి. ఫలానా మెట్రో మెట్ల నుంచి రెండో బెంచీ, చేతిలో మడిచిన వారపత్రిక, ఇలా చెప్పాలి. వచ్చినవారిని ఊరు, ఉద్యోగం అడగొద్దు. టీ చెప్పి, పిలవాల్సిన పేరేమిటో అడగండి, అంతే.

ఇంకో మాట మొదటి రోజే చెప్పాలి. ఇది స్నేహం కోసం, జత వెతుక్కునే చోటు కాదు. ఇద్దరికి నచ్చితే అది బయట వాళ్ళ ఇష్టం. ఈ గీత లేకపోతే 70 ఏళ్ళవాళ్ళు, బొద్దుగా ఉన్నవాళ్ళు, జబ్బుపడి లేచినవాళ్ళు తమను ఎవరూ పట్టించుకోరని ముందుగా తప్పుకుంటారు. ఎవరి కోసం బృందం పెట్టారో వాళ్ళే లేకుండా పోతారు.

ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్ళం, 58, 61 ఏళ్ళు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నాం. వీధిలోవాళ్ళు అక్కచెల్లెళ్ళమనుకుంటారు. మాలాంటి ఆడవాళ్ళను పోగుచేయాలని ఆదివారం సాయంత్రాలు ఇంటికి పిలిచాం. ఇద్దరొచ్చారు, వాళ్ళూ అరగంటలో లేచారు. ఎక్కడ పొరపాటు?
(నల్లకుంట)

జవాబు: అమ్మా, పొరపాటు ఆదివారంలో ఉంది. ఆ రోజు కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు ఇంట్లోనే ఉంటారు. వంట రెండింతలు, చుట్టాలు, సాయంత్రం టిఫిను. ఈ వయసు ఆడమనిషి ఆదివారం సాయంత్రం గడప దాటాలంటే ఇంటిల్లిపాదికీ సమాధానం చెప్పాలి.

బుధవారం పెట్టి చూడండి. మంగళ, శుక్రవారాలు పూజలు, గుళ్ళు. గురువారం బాబా గుడి. శుక్రవారం జుమా ఉంటుంది కాబట్టి ముస్లిం ఆడవాళ్ళకూ ఇంట్లో పని ఎక్కువ. పిల్లలను స్కూలుకు పంపి, వంట ముగించి, మనవలు తిరిగొచ్చేలోపు ఉండే ఖాళీయే వాళ్ళ సొంత సమయం. పదకొండు నుంచి ఒకటిన్నర వరకు, ఒక్క నిమిషం కూడా పొడిగించకుండా. టైముకు వదిలేస్తారన్న నమ్మకం ఉంటేనే మళ్ళీ వస్తారు. శ్రావణమాసం, రంజాన్ రోజుల్లో ఒక విడత ఆపేయండి.

చేతికి పని ఇవ్వండి. ఆవకాయ కాలంలో కాయలు కొట్టడం, మిగతా నెలల్లో జాకెట్లకు హుక్సు కుట్టడం, పూలు కట్టడం, కారప్పొడి. చేతులు పనిలో ఉన్నప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడకుండా మాట్లాడవచ్చు, ముప్పై ఏళ్ళుగా నోట్లోనే ఆగిపోయిన మాట అప్పుడు బయటికి వస్తుంది. పని నిజంగా జరగాలి. ఇంటికి తీసుకెళ్ళే కారప్పొడి పొట్లమో, కుట్టిన జాకెట్టో ‘ఇంతసేపు ఎక్కడికెళ్ళావు’ అన్న ప్రశ్నకు జవాబవుతుంది. ఆరుగురికి మించొద్దు. ఏడో మనిషి వచ్చేసరికి రెండు గుంపులవుతారు, కొత్తావిడ ఏ గుంపులోనూ ఇమడదు.

పిలిచేటప్పుడు మెసేజ్ కాకుండా ఫోన్ చేయండి, ఉదయం పదకొండు తర్వాత. ఆమె ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. ముందు ‘మాట్లాడటానికి వీలేనా’ అని అడగండి. కాదంటే ‘జాకెట్టు సంగతి తర్వాత చెప్తాను’ అని పెట్టేయండి. ఇంట్లో వేరేవాళ్ళు ఎత్తితే ఏ పేరు చెప్పాలో ఆవిడతో ముందే అనుకోండి. దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఖర్చు గురించి భయం వద్దు. తెలంగాణ ఆర్టీసీ మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి.

మగవాళ్ళ బృందంతో కలపమని ఎవరైనా అడిగితే ఆరు నెలలైనా ఆగండి. కలిసిన మొదటి రోజు నుంచే మగవాళ్ళు ఎక్కువ మాట్లాడతారు, ఆడవాళ్ళు టీ కలపడానికి లేస్తారు. ఆ అలవాటు ఇక్కడికీ వస్తుంది, మనవాళ్ళమైనంత మాత్రాన పోదు.

ప్రశ్న: నెలకోసారి మనవాళ్ళ కలయికకు వెళ్తూ ఇంట్లో సత్సంగమని చెబుతున్నాను. ఇప్పుడు మా ఆవిడ తనూ వస్తానంటోంది. ఏం చేయాలి?
(67 ఏళ్ళు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: సత్సంగం అన్నారంటే ప్రసాదం తేవాలి, ఏ అధ్యాయం చెప్పారో చెప్పాలి, పండగకు ఆవిడను తీసుకెళ్ళాలి. ఆ అబద్ధానికి ప్రతి నెలా కొత్త మేత వేయాలి. ‘సత్సంగానికి వెళ్ళడం లేదు, రిటైరైన స్నేహితులం నెలకోసారి లైబ్రరీ దగ్గర కలుస్తున్నాం, టీ తాగి కబుర్లు చెప్పుకుంటాం’ అనండి. అందులో ప్రతి మాటా నిజం, ఎప్పుడు అడిగినా మారదు. చెప్పిన టైముకు ఇల్లు చేరండి. ఆలస్యమే అనుమానానికి మొదలు.

ఆవిడకు అసలు విషయం చెప్పాలా వద్దా అన్నది వేరు. అందులో ఆమె జీవితం కూడా ముడిపడి ఉంది కాబట్టి ఒక సాయంత్రం ఉద్వేగంలో బయటపెట్టేయకండి. ముందు ఒక కౌన్సెలర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

ప్రశ్న: మా బృందంలో పదకొండు మందిమి. వాట్సాప్ గ్రూపు పెడదామంటే సగం మంది వద్దంటున్నారు. గ్రూపు లేకుండా సమాచారం ఎలా పంపాలి?
(సికింద్రాబాద్)

జవాబు: వద్దన్నవాళ్ళ మాటే సరైనది. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఒకరి ఫోన్ వాళ్ళబ్బాయి చేతికి వెళ్తే పదకొండు మంది గుట్టూ ఒకేసారి వెళ్ళినట్టు.

దాని బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. నిర్వాహకులు ఒకే మెసేజ్ పంపుతారు, అది ఒక్కొక్కరికి విడిగా చేరుతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. ఒక్క మెలిక ఉంది. పంపేవారి నంబరు అవతలివారి ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. ‘నాకు రాలేదు’ అని ఎవరైనా అంటే కారణం చాలావరకు అదే. నంబరును అనుమానం రాని పేరుతో సేవ్ చేసుకోమనండి. మెసేజ్‌లో కూడా ‘బుధవారం 4, మామూలు చోటు’ అని మాత్రమే ఉండాలి.

పెద్దవాళ్ళ ఫోన్లలో అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఫోన్ కొనిచ్చింది కొడుకో కూతురో, సెట్ చేసింది వాళ్ళే. కలిసినప్పుడు ఒక అరగంట ప్రతి ఫోన్‌లో ఇవి చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే ఇంకే కంప్యూటర్‌లో ఈ ఖాతా తెరిచి ఉందో కనిపిస్తుంది, తెలియనిదుంటే లాగౌట్ చేయాలి. మీడియా విజిబిలిటీ ఆపితే వచ్చిన ఫొటోలు గ్యాలరీలోకి దిగవు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఏ ఖాతాకు వెళ్తోందో చూడాలి. ఆ ఖాతాను హాల్లో టీవీకి కలిపి ఉంటే, పార్కులో తీసుకున్న ఫొటో రాత్రి భోజనాల వేళ టీవీ తెరమీద తిరుగుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఇంట్లోవాళ్ళకు ఆన్ అయి ఉందేమో చూడండి. వాళ్ళు మీ క్షేమం కోసం పెట్టిందే అయితే తీసేయడం కన్నా, కలిసే చోటును దానికి తగ్గట్టు ఎంచుకోవడం మేలు. లైబ్రరీ, మ్యూజియం, పార్కు చూసి ఎవరూ ఏమీ అడగరు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ పాఠం కనపడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్ మార్చండి.

చందాలు నగదుగానే తీసుకోండి. యూపీఐ చెల్లింపు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పేరుతో సహా ఉండిపోతుంది, పెన్షన్ ఖాతాను పిల్లలు చూసే ఇళ్ళు చాలా.

ప్రశ్న: మా కలయికకు అరవై ఏళ్ళ హిజ్రా అమ్మ ఒకావిడ వస్తానంటున్నారు. మావాళ్ళలో కొందరు ‘ఆమె పక్కనుంటే అందరూ మనల్ని చూస్తారు’ అని వెనకాడుతున్నారు. ఏం చేద్దాం?
(మెహిదీపట్నం)

జవాబు: ఆమెను పిలవండి. భయపడేవాళ్ళ భయం ఉత్తిదే అనడం లేదు. దానికి మందు చోటు మార్చడం, మనిషిని ఆపడం కాదు. రోడ్డుకు కనిపించే బెంచీ వదిలి ఒక ఇంట్లోనో, అద్దె గదిలోనో కలవండి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో హాళ్ళు అద్దెకిస్తారు. బుక్ చేసేటప్పుడు ‘సీనియర్ సిటిజన్ల సమావేశం’ అంటే అది అబద్ధం కాదు. అప్పటికీ ఇష్టపడనివాళ్ళు ఒక నెల మానేస్తే మాననివ్వండి.

ఆమె తరం ఏం మోసిందో మీవాళ్ళకు చెప్పండి. నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం, అంటే 1919 నాటిది, ఆడ వేషంలో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీలిచ్చింది. వాళ్ళ పేర్లకు రిజిస్టరు పెట్టమంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. ఖాకీ బట్టలు కనిపిస్తే ఆ వయసువాళ్ళు ఈరోజుకీ లేచి నిలబడతారంటే కారణం అది. మగవాళ్ళ బృందాలు గుట్టుగా పార్కుల్లో కూర్చోగలిగిన కాలంలో వాళ్ళకు దాక్కునే వీలు కూడా లేదు.

ఆచరణలో రెండు సంగతులు. ఆవిడ గురువు ఇంటి మర్యాదల ప్రకారం కొన్ని రోజులు బయటికి రాలేకపోవచ్చు, తేదీ వేసేముందు ఆవిడనే అడగండి. మర్యాదగా ‘అమ్మా’ అనండి, పాత పేరు, ఆపరేషన్ల గురించి ఎవరూ కదపొద్దు. కుర్చీల వరసలో చివరన కాకుండా మధ్యలో చోటివ్వండి.

ప్రశ్న: పన్నెండు మందితో ఒకరోజు విహారయాత్ర అనుకుంటున్నాం. అనంతగిరి కొండలా, గోల్కొండా? ఏర్పాట్లు ఎలా?
(కూకట్‌పల్లి)

జవాబు: రెండూ వద్దు. గోల్కొండ బాలాహిస్సార్‌కు మూడొందల పైచిలుకు మెట్లు. సగం మంది కిందే ఆగిపోతే అది రెండు ముక్కల యాత్ర. అనంతగిరి వానాకాలంలో జారుడు, ఆదివారం జనసమ్మర్దం.

తొలిసారికి భూదాన్ పోచంపల్లి సరిపోతుంది. నగరానికి 50 కిలోమీటర్ల లోపు, చదునైన ఊరు, మగ్గాల ముందు కూర్చుని ఇక్కత్ నేయడం చూడొచ్చు. వినోబా భావే భూదానోద్యమం మొదలైంది అక్కడే, 1951 ఏప్రిల్ 18న. ఆ తరం కథలు మీవాళ్ళకు ఎలాగూ వచ్చు, మాటకు లోటుండదు. నగరం దాటలేమంటే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. పన్నెండు గంటలకు ముందే మ్యూజికల్ క్లాక్ ముందు కూర్చోండి, బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొట్టడం చూడటానికి జనం చేరేది అప్పుడే. ఎలాగూ అందరూ రిటైరైనవాళ్ళే కాబట్టి మామూలు పనిరోజు ఎంచుకోండి.

బండి అద్దె అడిగేటప్పుడు డ్రైవర్ బత్తా, టోలు, పార్కింగ్ కలిపా విడిగానా అని అడగాలి. లెక్క పన్నెండు మందికి కాకుండా పదిమందికి వేయండి. మొత్తం రూ. 7,200 అయితే పన్నెండుమందికి తలా 600, పదిమందికి 720. ముందే 720 తీసుకుని, అందరూ వస్తే 120 వెనక్కివ్వడం తేలిక. బయల్దేరే పొద్దున ఇద్దరు రాలేమన్నాక మిగతావాళ్ళను ఇంకో 120 అడగడం చాలా కష్టం. డబ్బున్న ఒకాయన ‘అంతా నాది’ అంటే ఒప్పుకోకండి. మూడోసారికి ఎక్కడికెళ్ళాలో, ఎవరిని పిలవాలో ఆయనే చెప్తాడు.

టెంపో ట్రావెలర్ మొదటి మెట్టు ఎత్తు, మోకాలి నొప్పులవాళ్ళు అక్కడే తడబడతారు. ఎత్తు తక్కువ, అడుగు వెడల్పున్న గట్టి పీట ఒకటి బండిలో వేసుకోండి. గంటన్నరకోసారి టాయిలెట్ కోసం ఆపాలి. నీరు పోయేందుకు బీపీ మాత్ర వేసుకునేవారు ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడగాలి, సొంతంగా మానేయొద్దు. ఇన్సులిన్ డ్యాష్‌బోర్డులో పెడితే ఎండకు పాడవుతుంది, చల్లదనం నిలిపే సంచిలో పెట్టి సీటు కింద ఉంచండి. మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు, ఎంత బాగా కాలక్షేపమవుతున్నా సరే. షుగరు మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే కళ్ళు తిరిగి పడిపోతారు. గ్లూకోజు ప్యాకెట్టు ఎవరి జేబులో ఉందో అందరికీ తెలియాలి.

బండిలో డ్రైవర్ వింటాడన్నది మరవొద్దు. సొంత విషయాలు చెట్టు కింద మాట్లాడుకోండి. ఒకసారి మర్యాదగా మసలిన డ్రైవర్ దొరికితే ప్రతిసారీ అతన్నే పిలవండి.

దూరప్రయాణం రైల్లో అయితే ఒక్కో టికెట్టు మీద ఇద్దరినే బుక్ చేయండి. సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా ఒంటరిగా గానీ ఇద్దరుగా గానీ వెళ్ళేవారికే, మగవారికి 60, ఆడవారికి 45 ఏళ్ళు నిండాలి. పన్నెండు పేర్లు ఒకే టికెట్టులో పెట్టి పై బెర్తులు తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: మాది అంబర్‌పేట. 66 ఏండ్లు నడుస్తున్నయి, మోకాళ్ళు నొస్తయి. ప్రైడ్ ఊరేగింపుకి పోవాల్నని మస్తు మనసుంది. అంత నడవలేను. ఎవలన్న ఫొటో తీస్తే ఎట్ల?

జవాబు: తప్పకుండా పోండి. హైదరాబాద్‌లో 2013 ఫిబ్రవరిలో మొదలైన క్వియర్ స్వాభిమాన యాత్ర మీ తరం ఊహించని రోజు. మొత్తం నడవాలని లేదు. బయల్దేరే చోట గంట ముందే చేరి, అక్కడి పాటలు, పలకరింపులు చూసి వచ్చేయొచ్చు. మడత స్టూలు, టోపీ, మాస్కు, నీళ్ళు. బహిరంగ రోడ్డు మీద ఫొటోలను ఎవరూ పూర్తిగా ఆపలేరు, బ్యానర్ పక్కన మాత్రం నిలబడకండి. కెమెరాలన్నీ అటే తిరుగుతయి.

ప్రశ్న: డేటింగ్ యాప్‌లో పరిచయమైనతను గదికి పిలిచాడు. వెళ్ళాక ఇంకొకడొచ్చి వీడియో ఉందని బెదిరించి రూ. 20,000 తీసుకున్నారు. మళ్ళీ 50,000 అడుగుతున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తే నన్నే పట్టుకుంటారా?
(61 ఏళ్ళు)

జవాబు: పట్టుకోరు. ఇష్టపూర్వకంగా ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య జరిగేది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. నేరం చేసింది వాళ్ళు. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కిందికి వస్తుంది.

ఇంక ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇచ్చిన ప్రతిసారీ మీ దగ్గర ఇంకా ఉందని వాళ్ళకు తెలుస్తుంది. అవమానంతో చాట్ చెరిపేయొద్దు. నంబర్లు, యూపీఐ ఐడీ, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి, నమ్మకమైన ఒకరికి పంపి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దాటకముందే ఆపడానికి తొలి గంటలే కీలకం. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా రాసుకునే ఫిర్యాదు) తీసుకోవాలి, ఒక్కరే వెళ్ళకండి. వకీలు కావాలంటే న్యాయసేవల నంబరు 15100. ఇకమీదట తొలి పరిచయం టీ హోటల్లోనే, అవతలి మనిషి ముందు ఒక వీడియో కాల్‌లో మొహం చూపించాకే.

ప్రశ్న: మేమిద్దరం మగవాళ్ళం, పంతొమ్మిదేళ్ళుగా తోడుగా ఉన్నాం. ఒకరికి ఆసుపత్రి అవసరమొస్తే ఇంకొకరిని లోపలికి రానిస్తారా?
(తార్నాక)

జవాబు: 2023 అక్టోబరు 17 తీర్పులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు, కాబట్టి కాగితాలే మీ బలం. బ్యాంకులో జాయింట్ ఖాతాకూ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రింటు తీసుకుని వెళ్ళండి, కౌంటర్లో ఉన్నవారికి తెలియకపోవచ్చు. మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం ఆ చికిత్స వరకు మీ ప్రతినిధిగా ఎవరినైనా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు. మిగతా చికిత్సలకూ ‘నాకేమైనా అయితే ముందుగా వీరికి ఫోన్ చేయండి, నా వివరాలు వీరికి చెప్పండి’ అని రాసి పర్సులో పెట్టుకోండి, రెగ్యులర్‌గా చూపించుకునే ఆసుపత్రి ఫైల్లో ఒక ప్రతి చేర్పించండి. బంధువులు కాదన్నప్పుడు ఇది గెలిచి తీరుతుందని చెప్పలేం. అయినా ఏమీ లేకుండా వార్డు బయట నిలబడటం కంటే చాలా నయం.

నామినీ అంటే వారసుడు కాదు. ఇల్లు, డబ్బు చేరాలంటే వీలునామా ఉండాలి, ఇద్దరు సాక్షులు, వాళ్ళలో ఆస్తి పొందేవారు లేకుండా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ముస్లిములైతే వారసుల సమ్మతి లేకుండా మూడోవంతుకు మించి రాయలేరు, అందుకే వకీలును ముందే కలవండి.

ప్రశ్న: మా బృందంలో పెద్దాయన పక్షవాతం వచ్చి మంచానపడ్డారు. కొడుకు ఇంట్లో ఉంటున్నారు. వెళ్ళి చూడాలంటే ఎవరని చెప్పుకోవాలో తెలియక ఎవరమూ వెళ్ళలేదు.
(ఈసీఐఎల్)

జవాబు: వెళ్ళండి, ఈ వారమే. న్యూయార్క్‌లో 1978లో ఎల్జీబీటీ పెద్దల కోసం సేజ్ అనే సంస్థ మొదలైనప్పుడు వాళ్ళు తొలినాళ్ళలోనే పెట్టుకున్న పని ఇదే: ఇల్లు కదలలేనివారి దగ్గరికి వెళ్ళి కూర్చోవడం. నెల నెలా పార్కులో కలవడం కంటే ఇది ముఖ్యమని మా అభిప్రాయం. పార్కుకు రాగలిగినవారికి ఇంకో దారి దొరుకుతుంది, ఆయనకు దొరకదు.

ముందు కొడుక్కి ఫోన్ చేసి ‘నాన్నగారి వాకింగ్ స్నేహితులం, ఎప్పుడొస్తే మీకు ఇబ్బంది ఉండదు’ అని అడగండి. ఇద్దరే వెళ్ళండి, సాయంత్రం నాలుగు, ఐదు మధ్య. మధ్యాహ్నం నిద్ర, ఆరు తర్వాత ఇంట్లో హడావుడి. పట్టుకెళ్ళేది పళ్ళు, అవీ షుగరు సంగతి అడిగాక. మింగడం కష్టమైతే ఏదీ నోటికి అందించొద్దు, ఇంట్లోవాళ్ళే పెట్టాలి. మాట తడబడుతుంటే అవుననో కాదనో తల ఊపగల ప్రశ్నలు అడగండి, జవాబుకు సమయమివ్వండి, వాక్యం మీరు పూర్తి చేయొద్దు. కోడలో, ఆయాయో గదిలో ఉంటే బృందం కబుర్లు ఎత్తొద్దు. చెయ్యి పట్టుకుని పాత పాట ఒకటి ఫోన్‌లో పెట్టండి, అరగంట చాలు. ఆయన ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలుసుకోండి. కొడుకు దగ్గరుంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు నుంచి ఆ నంబరు వెంటనే తీసేసి, ఇకనుంచి ఇంటి ఫోన్‌కే చేయండి.

లేచేముందు తర్వాతి తేదీ చెప్పండి. ‘మళ్ళీ వస్తాం’ కాదు, ‘వచ్చే నెల రెండో బుధవారం నాలుగింటికి’ అని. కొడుకుకూ అదే చెప్పండి. ఆయనను ఎవరైనా వదిలేశారనో, సరిగ్గా చూడటం లేదనో అనిపిస్తే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. ఎవరు ఏ నెల వెళ్ళాలో మీ బృందమంతా పంచుకుని, రాలేకపోయినవారు తమ బదులు ఒకరిని పంపాలి.